డిబేట్ చూస్తున్నారా? మా ఇంట్లో అమ్మ కామెంటరీ మొదలైంది (సెప్టెంబర్ 10, 2024)

ప్లేనో పెసరట్టు | సెప్టెంబర్ 10, సాయంత్రం 7:38 (టెక్సాస్ టైం)

ఇంకో ఇరవై నిమిషాల్లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీపడుతున్న ట్రంప్, కమలా హారిస్ డిబేట్. ఫిలడెల్ఫియాలో, ఏబీసీ టీవీ వాళ్ళు పెడుతున్నారు. హాల్లో జనం ఉండరు. ముందే రాసుకున్న కాగితాలు తెచ్చుకోకూడదు, ఒక పెన్ను, ఖాళీ ప్యాడ్, నీళ్ళ సీసా ఇస్తారట. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్ళ మైక్ కట్.

ఇది చెప్తే నాన్న: "మన అసెంబ్లీలో ప్రతిపక్షానికి మాత్రమే కట్ చేస్తారు. ఇక్కడ ఇద్దరికీనా? పర్లేదే."

మా ఇంటి పరిస్థితి చెప్తాను. అమ్మానాన్న జులైలో తెనాలి నుంచి వచ్చారు. నాన్న రెవెన్యూలో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యాడు. ఇంగ్లీషు పేపరు చదువుతాడు గానీ ఇక్కడి యాస సగమే అందుతుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు. అదేమీ పెద్ద అడ్డం కాదు. పక్కింట్లో మొగుడూ పెళ్ళాలు కంచె అవతల పోట్లాడుకుంటే తప్పెవరిదో కిటికీలోంచి చూసి చెప్పేస్తుంది.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. తంబోలా టికెట్లు తయారుచేసింది. అంకెల బదులు మాటలు: బైడెన్, సరిహద్దు, మధ్యతరగతి, చైనా, ఫ్రాకింగ్, గుడ్లు, పుతిన్... తలా తొమ్మిది గళ్ళు. ఫుల్ హౌసీకి సున్నుండ. నాన్న తన టికెట్లో ఒక గడి కొట్టేసి సొంత చేత్తో "గ్రీన్ కార్డు" అని రాసుకున్నాడు.

నిజాంపేట చాయ్ | 7:45

అన్నా, ఈడ పొద్దుగాల ఆరున్నర కావొస్తుంది. చాయ్ వెట్టుకొని కూసున్న. మా గల్లీల వినాయకుని మండపం కాడ అప్పుడే మైక్ షురూ అయింది. ఆ మైక్ ఎవడు కట్ జేస్తడో జర జెప్పుండ్రి.

వోటున్న వదిన | 7:51

మా ఇంట్లో ఇద్దరికీ వోటుంది. ఆయనదొకటి, నాదొకటి. రెండూ చెరో వైపు. 2016 నుంచి మేమిద్దరం కలిసి కార్లో వెళ్ళి ఒకరి వోటు ఇంకొకరం రద్దు చేసుకుని, దారిలో ఇడ్లీ తిని వస్తున్నాం.

ప్లేనో పెసరట్టు | 8:03

మొదలైంది. కమల గబగబా నడుచుకుంటూ ఆయన వైపు దాకా వెళ్ళి పేరు చెప్పి చెయ్యి కలిపింది. వీళ్ళిద్దరూ ఎదురుపడడం ఇదే మొదటిసారట.

అమ్మ: "ఎదురుకోలు అయింది. ఆడపెళ్ళివారే ముందు కదిలారు. పెద్దమనిషి అక్కడే నిలబడ్డాడు చూడు, మర్యాద తెలిసినవాడైతే నాలుగడుగులు ఎదురొచ్చేవాడు."

నాన్న: "పెళ్ళి కాదే, పంచాయితీ."

అమ్మ: "పంచాయితీకి ఇన్ని లైట్లెందుకు?"

పాత రేడియో | 8:07

చేతులు కలుపుకోవడం డిబేట్ వేదిక మీద ఎనిమిదేళ్ళ తర్వాత ఇదే. 2020లో కోవిడ్, మొన్న జూన్లో అట్లాంటాలో బైడెన్, ట్రంప్ ఒకరినొకరు పట్టించుకోలేదు. అమ్మగారు గమనించింది చిన్న విషయం కాదు.

ప్లేనో పెసరట్టు | 8:11

మొదటి ప్రశ్న: నాలుగేళ్ళ కిందటికంటే జనం ఇప్పుడు బాగున్నారా? కమల: "నేను మధ్యతరగతి పిల్లగా పెరిగాను..."

మా అమ్మాయి గడి కొట్టేసింది. రెండు నిమిషాలు కాలేదు ఇంకా.

నాన్న: "బాగున్నారా అంటే అవునో కాదో చెప్పాలిగా. ఈ అమ్మాయి పుట్టుపూర్వోత్తరాలు చెప్తోందేంటి?" ట్రంప్ వంతు వచ్చింది. ఆయన ఇంకేదో చెప్తున్నాడు. నాన్న: "ఇంతకీ ప్రశ్న ఏంటి?"

ఈ "ఇంతకీ ప్రశ్న ఏంటి" ఇప్పటికి మూడోసారి. లెక్క పెడుతున్నా.

నిజాంపేట చాయ్ | 8:15

మన దిక్కు టీవీ చర్చల గిట్ల రెండు నిమిషాలు ఒక్కడే మాట్లాడుతడా? ఎనిమిది మంది ఎనిమిది డబ్బాలల్ల కూసొని ఒక్కపాలి ఒర్లుతరు. ఇది జూస్తుంటె నాకు నిద్ర వస్తుంది.

ప్లేనో పెసరట్టు | 8:22

స్క్రీన్ రెండు ముక్కలు చేసి ఇద్దరి మొహాలూ పక్కపక్కన చూపిస్తున్నారు. మైక్ లేనివాళ్ళ మొహం కూడా. అమ్మకి పండగే. ఆయన మాట్లాడుతుంటే కమల గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కనుబొమ్మ ఎత్తి, తల ఓ పక్కకి వంచి చూస్తోంది.

అమ్మ: "ఇది మా పెద్ద తోడికోడలు చూపు. పప్పులో ఉప్పు మర్చిపోతే నోరెత్తి ఒక్క మాట అనేది కాదు. ఇదిగో, ఇలా చూసేది. ముప్పై ఏళ్ళయినా నాకు వెన్నులో చలి."

"మరి ఆయన?"

"ఆయన అసలు ఇటు తిరగట్లేదుగా. కోపమొచ్చిన వియ్యంకుడు గోడకేసి చూస్తాడే, అలా. చెవులకి ముత్యాలు మాత్రం బాగున్నాయి పిల్లకి."

ఎర్ర టోపీ | 8:25

మీరంతా చూపులు, ముత్యాలు చూస్తూ కూర్చోండి. బియ్యం బస్తా ఎంతుంది, గుడ్లు ఎంతున్నాయి, ఇంటి ఇన్సూరెన్స్ ఎంత పెరిగింది అని ఎవరూ అడగరు. నేను జార్జియాలో ఉంటా, నాకు వోటుంది, ఎవరికేస్తానో నా పేరే చెప్తుంది, ట్రంప్ సభల్లో పెట్టుకునే టోపీ. మూతి విరుపులతో ధరలు దిగవు.

వోటున్న వదిన | 8:27

ఎర్ర టోపీ గారూ, మా ఆయన కూడా అక్షరం పొల్లుపోకుండా ఇదే అంటున్నాడు. ఒకే సోఫాలో కూర్చుని మీరు రాయట్లేదు కదా?

ప్లేనో పెసరట్టు | 8:33

అబ్బా. ఇప్పుడు జరిగింది చెప్తా ఆగండి.

ప్రశ్న సరిహద్దు గురించి. కమల మధ్యలో ఒక గాలం వేసింది. ట్రంప్ సభలకి వెళ్ళి చూడండి, గాలిమరలతో కేన్సర్ వస్తుందని చెప్తాడు, జనం విసుగొచ్చి మధ్యలో లేచి వెళ్ళిపోతారు అంది. అంతే. ఆయన సరిహద్దు వదిలేసి సభల లెక్కకి వచ్చాడు. అమెరికాలో సరిహద్దు ఆయనకి కంచంలో వడ్డించిన ప్రశ్న! దాన్ని వదిలేసి, అక్కణ్ణించి ఓహాయోలో స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊళ్ళో వలసవచ్చినవాళ్ళు జనాల కుక్కల్ని తింటున్నారు, పిల్లుల్ని తింటున్నారు అన్నాడు.

అమ్మ: "కుక్కలంటున్నాడు, ఏమైందిరా?"

చెప్పాను.

అమ్మ: "హవ్వ! ఎవరు చూశారట?"

ఏబీసీ వాళ్ళు ఆ ఊరి అధికారిని అడిగితే నమ్మదగ్గ ఆధారమేమీ లేదన్నాడని యాంకర్ డేవిడ్ మ్యూర్ అక్కడే చెప్పాడు. ట్రంప్ ఏమో, "టీవీలో జనం చెప్తున్నారు" అన్నాడు.

అమ్మ: "టీవీలో చెప్పారని టీవీలో చెప్తున్నాడా? మన వీధిలో రత్తమ్మ నయం, కనీసం ఎవరింట్లో విందో ఇంటిపేరుతో సహా చెప్పేది."

ఓపీటీ కష్టాలు | 8:35

మా అపార్ట్‌మెంట్లో ఆరుగురం, ఒక్క టీవీ. అందరూ ఒక్కసారి ఫోన్లు తీశారు. మీమ్స్ అప్పుడే మొదలు. మా వాడొకడు చికెన్ కర్రీ గిన్నె మూత పెట్టేశాడు, ఎందుకైనా మంచిదని.

పాత రేడియో | 8:41

అష్టావధానంలో అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి అప్రస్తుత ప్రసంగం చేసే పృచ్ఛకుడు ఒకడుంటాడు. సమస్యాపూరణం నడుస్తుంటే "అవధానిగారూ, మీ ఆవిడ మీకు ఏం టిఫిను పెట్టింది?" అంటాడు. అవధాని నవ్వుతూ దానికి చురక అంటించి, తన పద్యంలోకి తను వచ్చేయాలి. ఇవాళ అప్రస్తుత ప్రసంగం ఆమె చేసింది. అవధాని పద్యం వదిలేసి టిఫిను గురించి మాట్లాడుతున్నాడు, ఇప్పటికి పది నిమిషాలయింది.

ఎర్ర టోపీ | 8:44

పృచ్ఛకుడు ఒకడైతే సరే. ఇక్కడ యాంకర్లిద్దరూ కలిసి ఆయన్నొక్కణ్ణే సరిదిద్దుతున్నారు. ఆవిడ ఫ్రాకింగ్ (నేల లోపలి రాయి పగలగొట్టి చమురు, గ్యాస్ తీయడం) మీద మాట మార్చింది, 2019లో నిషేధిస్తానంది, దాన్ని ఎంత మెత్తగా అడిగారో చూశారుగా. ముగ్గురు కలిసి ఒక్కణ్ణి, పద్మవ్యూహంలో అభిమన్యుణ్ణి చుట్టినట్టు.

నిజాంపేట చాయ్ | 8:45

అభిమన్యుడు కుక్కల ముచ్చట దియ్యలేదన్నా.

ప్లేనో పెసరట్టు | 8:58

నాన్నకి ఇప్పుడు హుషారొచ్చింది. ఆయన తంబోలాలో "బైడెన్" పదిసార్లు కొట్టేశాడు, ఒక్క గడే అని మా అమ్మాయి గోల. కమల కూడా "మీరు పోటీ చేస్తున్నది బైడెన్ మీద కాదు, నా మీద" అని గుర్తుచేసింది.

అమ్మ ఈలోపు లోపలికెళ్ళి చవితి నాటి పాలతాలికలు మిగిలినట్టు గుర్తొచ్చి ఫ్రిజ్ వెతికి, మూడు రోజులయ్యాయని పారేసి, జంతికలు తెచ్చింది. వస్తూనే "ఇంకా తిట్టుకుంటున్నారా? నీళ్ళన్నా తాగలేదు పాపం" అంది.

ఓపీటీ కష్టాలు | 9:04

2020 ఉపాధ్యక్షుల డిబేట్లో ఇదే కమల ఎదురుగా మైక్ పెన్స్ (అప్పటి ఉపాధ్యక్షుడు) నెత్తిమీద ఈగ రెండు నిమిషాలు కూర్చుంది, అది గుర్తుందా? తెల్లజుట్టు మీద నల్ల ఈగ. ఆ రోజు వాళ్ళేం మాట్లాడారో ఒక్క ముక్క గుర్తులేదు.

ప్లేనో పెసరట్టు | 9:07

అమ్మకి చెప్పాను. "ఎదురుగా కూర్చున్న పిల్ల చెప్పొద్దూ, బాబాయ్ గారూ తలమీద ఈగ అని!" అంటోంది. ఆమె దృష్టిలో కమల ఒక మార్కు పోగొట్టుకుంది.

ప్లేనో పెసరట్టు | 9:31

ఇది మాత్రం నాన్న కోసమే దేవుడు పంపినట్టుంది. ఒబామాకేర్ (ఒబామా తెచ్చిన ఆరోగ్య బీమా చట్టం) తీసేసి ఏం పెడతారు, తొమ్మిదేళ్ళుగా అంటున్నారు, ప్లాన్ ఉందా అని యాంకర్ లిన్సీ డేవిస్ అడిగింది. ట్రంప్: నా దగ్గర ప్లాన్ తాలూకు కాన్సెప్టులు ఉన్నాయి.

నాన్న కుర్చీలోంచి లేచాడు. నిజంగా లేచాడు.

"ప్రతిపాదనలు పరిశీలనలో ఉన్నాయి! ముప్పై నాలుగేళ్ళు నేను రాసిన వాక్యమే ఇది. కలెక్టరాఫీసు నుంచి రిమైండర్ వచ్చినప్పుడల్లా ఇదే జవాబు. ఆ ఫైల్లో ఏముండేది? అట్ట ఉండేది. ట్యాగు ఉండేది."

ఆయనకి ఈ రాత్రి మొదటిసారి ట్రంప్ మనవాడిలా కనిపించాడు. "కష్టపడి నేర్చుకున్న విద్య. పైకొస్తాడు."

వోటున్న వదిన | 9:34

మా ఆయన నవ్వాడు. ఎర్ర టోపీ గారూ, మీరు?

ఎర్ర టోపీ | 9:36

నవ్వాను. వోటు మారదు.

ప్లేనో పెసరట్టు | 9:52

అయిపోయింది. తొంభై నిమిషాలన్నారు, ఇంకొంచెం సాగింది. చివరి మాట ట్రంప్‌ది. బొమ్మాబొరుసులో గెలిచి చివరి మాట ఎంచుకున్నాడు, కమల నిలబడే వైపు ఎంచుకుంది. ఈసారి వెళ్ళేటప్పుడు చేతులు కలుపుకోలేదు. అమ్మ అది కూడా చూసింది.

తీర్పు అడిగితే: "పిల్ల నెగ్గింది. కానీ ఊళ్ళో జనం పెద్దాయనకే వేస్తారు."

"అదేంటమ్మా?"

"మీ నాన్నతో నేను రోజూ వాదించి నెగ్గుతాను. ఇంట్లో ఎవరి మాట సాగుతుంది?"

నాన్న ఏమీ అనలేదు. జంతిక నముల్తున్నాడు. తంబోలాలో ఎనిమిది గళ్ళు నిండాయి, "గ్రీన్ కార్డు" ఒక్కటి మిగిలింది. సున్నుండ మా అమ్మాయి గెలుచుకుంది. అసలు వలసల గురించి అంతసేపు మాట్లాడి, లైన్లో నిలబడ్డ మా గురించి ఒక్క మాట లేదని ఆయన బాధ. 2015లో పెట్టింది నా దరఖాస్తు. ఉద్యోగాల కోటాలో మనవాళ్ళకి ఇప్పుడు 2012లో పెట్టినవాళ్ళ వంతు నడుస్తోంది. వోటు లేదు. పిలవని పేరంటానికి వెళ్ళి వాయనం ఇవ్వలేదని అలిగినట్టుంది మా వ్యవహారం.

నిజాంపేట చాయ్ | 9:58

టేలర్ స్విఫ్ట్ కమలకు సపోర్ట్ అని ఇన్‌స్టాల వెట్టిందట, సూశిన్రా? పిల్లిని ఎత్తుకొని ఫోటో. కుక్కలైనయి, పిల్లులైనయి. నేను ఆఫీసుకు వోతున్న.

పాత రేడియో | సెప్టెంబర్ 11, ఉదయం 6:20

నిద్ర పట్టక రాస్తున్నాను. ప్లేనో గారి అమ్మగారి మాటలు చదువుతుంటే 1960 గుర్తొచ్చింది. నేను చూడలేదు లెండి, ఈ దేశం వచ్చాక చదివింది.

టీవీలో మొదటి అధ్యక్ష డిబేట్ ఆ ఏడాది సెప్టెంబర్ 26న షికాగోలో జరిగింది. నిక్సన్ మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆసుపత్రిలో ఉండి వచ్చాడు, బరువు తగ్గాడు, చొక్కా మెడ దగ్గర వదులైంది. మేకప్ వద్దన్నాడు, గడ్డం నలుపు కనబడకుండా ఏదో పౌడరు మాత్రం రాయించుకున్నాడు. బూడిద రంగు సూటు, వెనక గోడా అదే రంగు. పక్కన కెన్నెడీ ఎండలో తిరిగి నిగనిగలాడుతూ వచ్చాడు. రేడియోలో విన్నవాళ్ళు నిక్సన్ గెలిచాడన్నారు, టీవీలో చూసినవాళ్ళు కెన్నెడీ అన్నారు అని కథగా చెప్తారు. దానికి ఆధారం పల్చన. కానీ ఒకటి మాత్రం జరిగింది. డిబేట్ అయ్యాక నిక్సన్ తల్లి ఆయన సెక్రటరీకి ఫోన్ చేసింది: అబ్బాయికి ఒంట్లో బాగానే ఉందా?

కొడుకు ఏం మాట్లాడాడని ఆవిడ అడగలేదు.

ఇంకోటి. 1976లో, ఇదే ఫిలడెల్ఫియాలో, ఫోర్డ్, కార్టర్ డిబేట్ మధ్యలో సౌండు పోయింది. 27 నిమిషాలు. ఇద్దరూ తమ తమ బల్లల వెనక ఒకరినొకరు చూసుకోకుండా, కూర్చోకుండా, శిలావిగ్రహాల్లా నిలబడిపోయారు. దేశమంతా ఆ మౌనాన్ని లైవ్‌లో చూసింది.

ప్లేనో పెసరట్టు | ఉదయం 7:15

చదివి వినిపించాను. అమ్మ: "27 నిమిషాలు! ఒకాయన ఇంకో ఆయన్ని 'కూర్చుందాం రండి' అనలేదా?" నాన్న: "అవే మంచి నిమిషాలయ్యుంటాయి."

ఓపీటీ కష్టాలు | ఉదయం 11:40

కమల చెవి ముత్యాల్లో ఇయర్‌ఫోన్ ఉందని మా వాట్సాప్ గ్రూపులో తిరుగుతోంది. జవాబులు ఎవరో చెవిలో చెప్పారట.

ప్లేనో పెసరట్టు | మధ్యాహ్నం 12:05

అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టించి మరీ చెప్పమంది: "ముత్యాల్ని నలభై ఏళ్ళుగా చూస్తున్నాను. అవి ముత్యాలే. కావలిస్తే పాతబస్తీ తీసుకెళ్ళి చూపించమను."

ఓహాయో మామిడికాయ | సెప్టెంబర్ 13, రాత్రి 8:50

ఆలస్యంగా వస్తున్నాను. నవ్వుకున్నాను చదివి, కాదనను. నేను కొలంబస్ దగ్గర ఉంటాను. డేటన్ వైపు వెళ్ళేటప్పుడు మధ్యలో వస్తుంది స్ప్రింగ్‌ఫీల్డ్. మామూలు ఊరు. ఫ్యాక్టరీలు పోయి జనం తగ్గిపోతున్న ఊరికి హైతీ దేశం వాళ్ళు కొన్నేళ్ళుగా వేలల్లో వచ్చారు, ఎక్కువమంది చట్టబద్ధంగానే. గోడౌన్లలో, ఫ్యాక్టరీల్లో పని. ఇళ్ళ అద్దెలు పెరిగాయి, ఆసుపత్రిలో, బళ్ళలో రద్దీ పెరిగింది. ఆ ఇబ్బంది నిజం. కుక్కల కథ నిజం కాదు.

నిన్న బాంబు బెదిరింపులొచ్చి సిటీ హాల్ ఖాళీ చేయించారు. పిల్లల్ని బళ్ళలోంచి బయటికి పంపారు. మా టీంలో ఒకావిడ భర్తది హైతీ. ఇవాళ ఆవిడ లంచ్‌కి రాలేదు. మీమ్ పంపబోయి ఆగిపోయాను.

ఎర్ర టోపీ | రాత్రి 9:30

ఆ బెదిరింపులు తప్పు. అది పార్టీ విషయం కాదు. కానీ మీరే అన్నారుగా, ఆ ఊరికి భారం నిజమని. అది ముందే ఎవరైనా పట్టించుకుని ఉంటే ఇలాంటి కథకి చెవులు దొరికేవి కావు.

ఓహాయో మామిడికాయ | రాత్రి 9:41

ఆ రెండో ముక్క ఒప్పుకుంటాను. మొదటిది ఇంకా పెద్దగా అనండి, మీ గ్రూపుల్లో కూడా.

మోడరేటర్ | రాత్రి 10:15

మధ్యలో నాలుగు పోస్టులు తీసేశాను. రాజకీయం రాయండి, కులం ఎత్తితే తాళం వేస్తాను.

వోటున్న వదిన | సెప్టెంబర్ 15, ఉదయం 9:00

టెక్సాస్ వాళ్ళకి: వోటరుగా నమోదుకి ఆఖరి రోజు అక్టోబర్ 7. ఇక్కడ కొత్తగా నమోదుకి ఆన్‌లైన్ లేదు, కాగితం నింపి పోస్టులో పంపాలి, లేదా వెళ్ళి ఇచ్చి రావాలి. పౌరసత్వం వచ్చి కూడా బద్ధకించినవాళ్ళు, ప్లేనో గారి నాన్నగారి తంబోలా టికెట్ ఒకసారి తలుచుకుని స్టాంపు కొనండి.

ప్లేనో పెసరట్టు | అక్టోబర్ 1, రాత్రి 10:20

పాత చర్చని మళ్ళీ పైకి లేపుతున్నందుకు క్షమించాలి. ఇవాళ ఉపాధ్యక్షుల డిబేట్. న్యూయార్క్‌లో, సీబీఎస్ టీవీ. ట్రంప్ వైపు వాన్స్, కమల వైపు వాల్జ్. అమ్మకి వాన్స్ అంటే ఉషగారి మొగుడు, అంతే. ఉషగారి పూర్వీకులది పశ్చిమ గోదావరి వడ్లూరు అని పేపర్లో వచ్చినప్పటి నుంచి "అల్లుడుగారు" అనే అంటోంది. వోటు ఎవరికని అడిగితే మాత్రం చెప్పదు. "అల్లుడికి కాఫీ ఇస్తాం, తాళాలు ఇవ్వంగా."

ఇద్దరూ మర్యాదగా మాట్లాడుకుంటుంటే ఆమెకి విసుగొచ్చింది. "వీళ్ళు మొన్నటివాళ్ళలా కాదు, సంబంధం కుదిరేలా ఉంది" అని కునుకు తీసింది.

అప్పుడు స్ప్రింగ్‌ఫీల్డ్ మాట వచ్చింది. వాన్స్ ఫోన్ యాప్ ద్వారా శరణు అడిగి వచ్చేవాళ్ళ గురించి చెప్తూ, ఇది గ్రీన్ కార్డుకి దరఖాస్తు పెట్టుకుని పదేళ్ళు వేచి ఉండే మనిషి లాంటిది కాదు అన్నాడు.

నాన్న ఒక్క అరుపు. "అన్నాడు! గ్రీన్ కార్డు అన్నాడు!"

అమ్మ ఉలిక్కిపడి లేచింది. కాసేపటికే ఆ వాదన ముదిరి యాంకర్లు ఇద్దరి మైకులూ కట్ చేశారు. మనవాళ్ళ మాట వచ్చీ రాగానే మైక్ కట్. పదేళ్ళేనా అల్లుడుగారూ, ఆ లైను ఎక్కడుందో చెప్పండి, నేనూ వచ్చి నిలబడతాను.

నాన్న లేచి ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉన్న ఆ పాత టికెట్ తెచ్చి, తొమ్మిదో గడి కొట్టి, చెయ్యి చాపాడు. మా అమ్మాయి ఒప్పుకోలేదు. అది పోయిన ఆటది, చెల్లదంది. నాన్న కళ్ళజోడు సర్దుకుని, పెండింగ్ ఫైలుకి గడువు ఉండదని వాదించాడు. చివరికి రాజీ కుదిరింది. సగం సున్నుండ ఇప్పుడు. మిగతా సగం మాకు కార్డు వచ్చాక.

నిజాంపేట చాయ్ | రాత్రి 10:31

అన్నా, ఆ సగం బూజు వడ్తది. ఫ్రీజర్ల వెట్టుమను.